కరువును తట్టుకునే మేత బీడు: గొర్రెలకు ఎంత, నేలకు ఎంత

కదిరి వైపున ఉన్న మీ ఇరవై ఎకరాల ఎర్రనేలలో వేరుశనగ వేయడం మానేసి కొన్నేళ్ళయిందనీ, తొంభై గొర్రెలను ఆ బీడులోనూ ఊరి గుట్ట మీదా మేపుతున్నారనీ, ఏటికేడాది గడ్డి తగ్గి తంగేడు పెరుగుతోందనీ రాశారు. వీడియోల్లో చూపినట్టు తీగ కంచె వేసి, భూమిని ముప్పై మడులుగా విడగొట్టి, రోజుకొక మడి చొప్పున మేపితే నేల బాగుపడుతుందా, ఏ గడ్డి విత్తనం చల్లాలి, వాన తప్పిన ఏడాది మందను ఎలా నిలుపుకోవాలి అని అడిగారు. గొర్రెల పెంపకందారులతో చాలా కాలం కలిసి పనిచేసిన అనుభవంతో ముందుగా చెప్పేది ఒక్కటే: ఇప్పుడు కంచె మీద డబ్బు పెట్టవద్దు. మే నెలాఖరున మీ నేల మీద ఎంత గడ్డి మిగిలి ఉంది, తొలకరి చిగురుకు ఎన్ని వారాల విరామం దొరికింది అన్న రెండు విషయాలే మీ బీడు భవిష్యత్తును తేలుస్తాయి. మడుల సంఖ్య ఆ తర్వాతి మాట.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఎకరా నేల మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,000 లీటర్ల నీరు. ఆ లెక్కన మీ ఎకరాకు ఏడాదికి 22 లక్షల లీటర్లు ఆకాశం నుంచి దిగుతున్నాయి. గడ్డి పెరగడానికి అది తక్కువేమీ కాదు. అయితే ఆ నీరు నేలలోకి దిగుతోందా, వంకలోకి పోతోందా అన్నదే ప్రశ్న. మన ఎర్రనేలల్లో ఇసుక ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ. బోడినేల మీద పెద్ద చినుకులు పడగానే పైమట్టి గడ్డలు చితికి, సన్నటి రేణువులు రంధ్రాలను పూడ్చేస్తాయి. ఎండ కాయగానే అది పెచ్చులా గట్టిపడుతుంది. తర్వాతి వాన ఎంత పెద్దదైనా ఆ పెచ్చు మీదుగా జారిపోతుంది. ఒక్క సాయంత్రం 50 మిల్లీమీటర్ల వాన పడి అందులో సగం జారిపోతే, ఎకరాకు లక్ష లీటర్లు పోయినట్టు. ఊళ్ళో అందరికీ ఒకే వాన పడినా కొందరి బీడుకే కరువు రావడానికి కారణం ఇదే.

సేంద్రియ కర్బనం పెంచితే నేల నీటిని విపరీతంగా పట్టి ఉంచుతుందని చాలా చోట్ల చదివే ఉంటారు. అందులో కొంత అతిశయోక్తి ఉంది. ప్రపంచవ్యాప్తంగా జరిగిన అనేక కొలతలను కలిపి 2018లో చేసిన విశ్లేషణ ప్రకారం, సేంద్రియ కర్బనం ఒక శాతం పెరిగితే ప్రతి పది సెంటీమీటర్ల మట్టిలో మొక్కకు అందే నీరు సగటున 1.2 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. అంటే అడుగు లోతు మట్టికి ఎకరాకు పద్నాలుగు వేల లీటర్లకు అటూ ఇటూ. పైగా అర శాతం కూడా కర్బనం లేని మన నేలల్లో ఒక శాతం పెంచడం ఏళ్ళ తరబడి సాగే పని. అదే, నేల మీద ఎండుగడ్డి, ఆకు, పెంటికలు కప్పుగా ఉండి పెచ్చు కట్టకుండా చూస్తే, ఒక్క పెద్ద వానలోనే అంతకు కొన్ని రెట్ల నీరు లోపలికి దిగుతుంది. కర్బనం అవసరమే, కాకపోతే అది దానంతట అది వెనకాల వస్తుంది. ముందు చినుకు దెబ్బకూ మట్టికీ మధ్య ఏదో ఒకటి ఉండాలి.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. ఆరంగుళాల వెడల్పున్న పీవీసీ పైపు ముక్కను జానెడు పొడవున కోసి, దాని అడుగు అంచును పదును చేయండి. చెక్క ముక్క అడ్డం పెట్టి కొడుతూ నేలలోకి మూడంగుళాలు దించండి. లోపల 450 మిల్లీలీటర్ల నీళ్ళు పోస్తే అది దాదాపు 25 మిల్లీమీటర్ల వానతో సమానం. నేల తడవడానికి ఒకసారి పోసి, అది ఇంకాక రెండోసారి పోసినప్పుడు ఎన్ని నిమిషాల్లో దిగిందో రాసుకోండి. మొదట గొర్రెలు రోజూ నడిచే బోడి దారిలో చేయండి, తర్వాత రేగుకంప కింద, గొర్రె నోరు చేరని చోట గడ్డి నిలిచిన మట్టిలో చేయండి. నాలుగు అడుగుల ఎడంలో రెండు చోట్లకూ ఉండే తేడా చూశాక ఈ సమాధానంలోని మిగతా మాటలు మీకు వేరే ఎవరూ నచ్చజెప్పనక్కరలేదు.

ఇక గడ్డి సంగతి. గడ్డి మొక్కకు పైన ఎంత ఆకు ఉంటే కింద అంత వేరు నిలుస్తుంది. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన ఫ్రాంక్లిన్ క్రైడర్ 1955లో ప్రచురించిన ప్రయోగాలు ఇప్పటికీ మేత భూముల వారికి ఆధారం. పైభాగంలో సగం వరకు కోసినప్పుడు వేరు పెరుగుదల దాదాపు దెబ్బతినలేదు. ఎనభై శాతం కోస్తే పన్నెండు రోజుల పాటు వేర్లన్నీ పెరగడం ఆగిపోయాయి. తొంభై శాతం కోస్తే పదిహేడు రోజులు ఆగాయి. మన బీడులో ఒకే మొక్కను గొర్రెలు వారం తిరగకముందే మళ్ళీ మళ్ళీ నేల మట్టానికి కొరుకుతున్నాయి కాబట్టి, ఆ మొక్క వేరు వానాకాలమంతా ఆగిన చోటే ఉండి పోతుంది. అంగుళం లోతు తడికే అది దిక్కు కనుక, పది రోజులు వాన ఆగితే ఎండుతుంది. జానెడు లోతుకు వేళ్ళు దిగిన మొక్క అదే పది రోజులను తట్టుకుంటుంది. కరువును తట్టుకోవడం అనే మాటకు నేల లోపల ఉన్న అర్థం ఇదే.

అందుకే మా పెద్దవాళ్ళు చెప్పే కొలతలనే నేనూ చెబుతాను. గడ్డి జానెడు ఎదిగాక మందను తోలి, బెత్తెడు మిగిలి ఉండగానే బయటికి తీయాలి. అంజన్ గడ్డి వంటి దుబ్బు జాతులకు అర జానెడు వదలాలి. గొర్రె పెదవులు సన్నవి కనుక పశువు కంటే కిందికి కొరుకుతుంది. కాబట్టి మీరు ఆపకపోతే అది ఆగదు.

ఇప్పుడు లెక్క. చాలామంది దీన్ని దాటవేస్తారు, కానీ ఇదే అన్నిటికంటే ముఖ్యం. అక్టోబరు చివర, గడ్డి విత్తనం పండే వేళకు, నాలుగు పుల్లలతో చదరపు మీటరు చట్రం కట్టి, బీడులో బాగున్న చోట, బాగాలేని చోట, నడిమి రకం చోట వేసి, లోపలి గడ్డిని కోసి ఎండబెట్టి తూకం వేయండి. తంగేడు, జిల్లేడు వంటి తినని మొక్కలను కలపవద్దు. సగటున చదరపు మీటరుకు 100 గ్రాములు వస్తే ఎకరాకు 400 కిలోలు. మీరు వర్ణించిన స్థితిని బట్టి అంతకంటే ఎక్కువ రాకపోవచ్చు. అందులో సగం నేలకు వదిలితే గొర్రెలకు మిగిలేది 200 కిలోలు. ముప్పై కిలోల గొర్రె రోజుకు దాదాపు కిలో ఎండు మేత తింటుంది. ఇరవై ఎకరాలకు మొత్తం 4,000 కిలోలు, తొంభై గొర్రెలకు రోజుకు 90 కిలోలు, అంటే నలభై నాలుగు రోజుల మేత. బీడు బాగుపడి ఎకరాకు వెయ్యి కిలోలు పండినా నూట పది రోజులకే సరిపోతుంది. కాబట్టి ఆ ఇరవై ఎకరాలు మీ మందను ఏడాదంతా పోషిస్తాయన్న ఆశ మొదటే వదులుకోవాలి. దాన్ని సరైన నెలల్లో మాత్రమే వాడే నిల్వ భూమిగా చూస్తే, మీకు అది చాలా విలువైన ఆస్తి. మిగతా నెలలకు గుట్ట, పంట కోసిన చేలు, వామి, చెట్ల రొట్ట ఉన్నాయి.

మీరు చూసిన వీడియోల మాటకు వస్తాను. జింబాబ్వేకు చెందిన అలన్ సేవరీ 2013లో చేసిన ఒక ప్రసంగం తర్వాత, పెద్ద మందను చిన్న మడిలో కొద్దిసేపు గుంపుగా మేపి తరలిస్తే ఎడారి కూడా పచ్చబడుతుందన్న మాట ప్రపంచమంతా వ్యాపించింది. ఆ పద్ధతితో బాగుపడ్డ భూములు ఉన్నాయి. అయితే మేత భూముల శాస్త్రవేత్తలు అనేక ప్రయోగాలను ఒకచోట చేర్చి 2008లో చేసిన సమీక్షలో, పశువుల సంఖ్య సమానంగా ఉన్నప్పుడు మడులు మార్చి మేపడం వల్ల గడ్డి దిగుబడి గానీ పశువుల బరువు గానీ స్థిరంగా పెరిగినట్టు తేలలేదు. నా దృష్టిలో ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. బాగుపడిన చోట్ల రైతు రోజూ గడ్డిని చూసి, తగినంత విరామం ఇచ్చి, మేత తగ్గినప్పుడు మందను తగ్గించాడు. కంచె వేసి తారీకుల ప్రకారం తిప్పినవారికి ఆ ఫలితం రాలేదు. ఇంకొక ముఖ్యమైన సంగతి ఏమిటంటే, మంద వెంట కాపరి లేని చోట్లే కంచె కావలసి వచ్చింది. మీ మంద వెంట రోజూ మనిషి ఉన్నాడు. పాత చేని గట్లు, బండలు, వంకలే హద్దులుగా పెట్టుకుని మందను ఎక్కడికి తోలాలో, ఎక్కడికి తోలకూడదో నిర్ణయించగల కాపరి ఉండగా తీగ కంచెకు లక్షలు పోయడం అనవసరం. ఊరి పశువులు మీ బీడులోకి రాకుండా చుట్టూ కంప కట్టుకోవడం వేరే విషయం. అది చేయండి.

ఇరవై ఎకరాలను ఐదేసి ఎకరాల నాలుగు చెక్కలుగా అనుకుందాం. ప్రతి ఏడాదీ ఒక చెక్కను మృగశిర కార్తె మొదలు విశాఖ కార్తె దాకా, అంటే జూన్ రెండో వారం నుంచి నవంబరు దాకా, పూర్తిగా మూసివేయాలి. ఆ చెక్కలో గడ్డి పెరిగి, పూసి, గింజ రాల్చి, ఎండాక మేపవచ్చు. అప్పుడు తిన్నా మొక్కకు పెద్ద నష్టం లేదు, సగం మిగిల్చితే చాలు. రెండో చెక్కను ఆశ్లేష దాకా ఆపి, గడ్డి జానెడు దాటాక విడతలుగా మేపండి. మిగిలిన రెండింటిలో తేలికగా మేపుతూ, ఒక దాంట్లో రెండు మూడు రోజుల కంటే ఎక్కువ ఉంచకుండా, తిరిగి రావడానికి కనీసం నెల, వాన మందగిస్తే రెండు నెలలు వ్యవధి ఇవ్వండి. మరుసటి ఏడాది మూసివేత రెండో చెక్కకు మారుతుంది. ఈ విధంగా నాలుగేళ్ళలో ప్రతి చెక్కకూ ఒక పూర్తి వానాకాలం విరామం దొరుకుతుంది. మీ నేల బాగా క్షీణించింది కనుక మొదటి రెండేళ్ళూ ఒకటికి బదులు రెండు చెక్కలు మూసివేయగలిగితే మరీ మంచిది. మన ప్రాంతంలో జూన్ వానలు బలహీనం, అసలు వాన సెప్టెంబరు, అక్టోబరుల్లో పడుతుంది. అందువల్ల కార్తెను చూసి గుడ్డిగా తెరవకుండా గడ్డి ఎత్తును చూసి తెరవాలి. కార్తె కేవలం గుర్తు కోసం.

అన్నిటికంటే కష్టమైన కాలం తొలకరి తర్వాతి మూడు నాలుగు వారాలు. వేసవి అంతా ఎండుపుల్లలు నమిలిన గొర్రెలు పచ్చదనం కనిపిస్తే ఆగవు. సరిగ్గా అప్పుడే గడ్డి, వేరులో మిగిలిన కొద్దిపాటి బలాన్ని ఖర్చుచేసి తొలి ఆకు వేస్తుంది. ఆ ఆకును తింటే మొక్క రెండో ఆకుకు అప్పు చేయాలి, దాన్నీ తింటే చస్తుంది. ఆ వారాల కోసమే వామి వేసుకోవాలి. ఉలవ పొట్టు, వేరుశనగ కట్టె, కంది పొట్టు ఏది చవకగా దొరికితే అది డిసెంబరు, జనవరి నెలల్లోనే కొని, వానకు తడవకుండా జూన్, జూలై కోసం ఉంచండి. రోజులో సగం మేత దొడ్డిలో పెట్టి, మిగతా సగానికి గుట్ట మీది పొదల వైపు తోలితే బీడుకు ఊపిరి దొరుకుతుంది. ఇందులో ఇంకొక లాభం ఉంది. ఆకలితో ఉన్న గొర్రెలు ఒక్కసారిగా లేత గడ్డి మీద పడినప్పుడే చిటుక రోగం వస్తుంది, అదీ మందలో బలమైన పిల్లలకే ముందు వస్తుంది. మే నెలలో దానికి టీకా వేయించి, తొలకరిలో పొద్దున్నే కొంత ఎండుమేత పెట్టి తోలడం నేలకూ మందకూ కూడా మేలు.

తంగేడు పెరగడం గురించి ప్రత్యేకంగా అడిగారు. తంగేడు, బందారు, జిల్లేడు గొర్రెలు ముట్టని మొక్కలు. అవి గడ్డిని చంపి రాలేదు. గడ్డి చచ్చిన ఖాళీలోకి వచ్చాయి. గడ్డి జాతుల్లోనూ ఇదే వరుస కనిపిస్తుంది. మంచి మేతనిచ్చే దుబ్బు గడ్డి ముందు పోతుంది, తర్వాత ముళ్ళ గింజలు ఉన్ని పట్టుకుని చర్మంలోకి దిగే గడ్డి పెరుగుతుంది, చివరికి చీపురు గడ్డి, వానకు మొలిచి నెలన్నరకే ఎండిపోయే ఏకవార్షికాలు మాత్రం మిగులుతాయి. తంగేడును జేసీబీతో పెకలించమని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయవద్దు. ఆ పొద నీడలోనే మీ బీడులో మిగిలిన మంచి గడ్డి దాక్కుని ఉంది, దాని కింద మట్టి మెత్తగా ఉంది. మూసివేసిన చెక్కలో గడ్డి పుంజుకున్నాక, పొదలు మరీ దట్టంగా ఉన్న చోట సగం వాటిని మొదలంటా నరికి, ఆ కొమ్మలను బోడినేల మీద పరవండి.

ఈ కొమ్మలు పరవడం అనే పనిని చిన్నచూపు చూడవద్దు. చెప్పులరిగేలా గట్టిపడ్డ బోడి చోట్లలో, చెప్పుకోదగ్గ ఖర్చు లేకుండా నేను ఫలితం చూసిన పద్ధతి ఇదే. అరక మొనతో లేదా గుంటకతో వాలుకు అడ్డంగా రెండంగుళాల లోతు గీతలు గీసి, వాటి మీద కంప పరిస్తే గొర్రెలు అక్కడ కాలు పెట్టవు. గాలికి కొట్టుకొచ్చే ఆకు, గింజ, మట్టి అందులో చిక్కుతాయి. చెదలు ఆ పుల్లలను తింటూ నేలలో బొరియలు చేస్తాయి, ఆ బొరియల గుండా నీరు దిగుతుంది. సర్కారు తుమ్మ కంప వాడేటట్లయితే కాయలు లేని కాలంలో నరికింది వాడాలి, లేకపోతే బీడంతా అదే మొలుస్తుంది.

రెండోది మంద కట్టడం. పగలంతా బీడులో, గుట్టలో మేసిన గొర్రెలను రాత్రి డబ్బుకో ధాన్యానికో రైతుల చేలలో మంద కడతాం. పంటకు అది ఎంతో మేలు, కాపరికి ఆదాయం. కానీ తరతరాలుగా బీడులోని సారాన్ని కడుపులో మోసుకెళ్ళి చేలకు పోస్తున్నామనీ, బీడుకు తిరిగి ఏమీ రావడం లేదనీ గుర్తించాలి. ఏడాదిలో కొన్ని రాత్రులైనా, వేసవి చివర, మీ సొంత బీడులోని అతి చెడ్డ చోట్ల మంద కట్టండి. ఒక్కో చోట రెండు మూడు రాత్రులకు మించవద్దు. గిట్టలు పెచ్చును పగలగొడతాయి, మూత్రం, పెంటికలు అక్కడే పడతాయి. ఆ తర్వాత ఆ చోటును కనీసం ఒక వానాకాలం ముట్టకూడదు. ఆ పెంటికలను మట్టిలోకి చేర్చే పేడ పురుగుల గురించి కూడా ఒక మాట. నట్టల నివారణకు ఐవర్‌మెక్టిన్ ఇచ్చినప్పుడు దాని అవశేషం పెంటికల్లోకి వచ్చి ఆ పురుగుల పిల్లలను చంపుతుంది. అందువల్ల మందకంతటికీ మూడు నెలలకోసారి మందు పోసే అలవాటు మాని, కంటి రెప్ప లోపలి రంగు చూసి, పాలిపోయిన వాటికి ముందుగా, పశువైద్యుని సలహాతో తాగించండి.

విత్తనం గురించి. మొదటి ఏడాది ఏమీ చల్లవద్దని నా సలహా. మూసివేసిన చెక్కలో ఏమి మొలుస్తుందో చూడండి. చచ్చిపోయిందనుకున్న నేలలో కూడా గింజలు నిద్రపోతూ ఉంటాయి. రెండో ఏడాదికీ మంచి గడ్డి కనిపించని చోట్ల మాత్రమే అంజన్ గడ్డి, స్టైలో అనే మేత మొక్క గింజలు కలిపి చల్లండి. అంజన్ గింజను అప్పుడే కోసినది చల్లితే సరిగా మొలవదు, కొన్ని నెలలు నిల్వ ఉంచినది కావాలి. గింజ తేలిక కనుక మట్టి, పేడ, ఇసుక కలిపిన ముద్దలో ఉండలు చేసి, గుంటక గీతల్లో వేసి పైపైన మాత్రమే కప్పాలి. అర అంగుళం కంటే లోతు పోతే రాదు. స్టైలో గింజకు పైపొర గట్టిది కనుక, 80 డిగ్రీల వేడి నీటిలో నాలుగైదు నిమిషాలు ఉంచి తీసి ఆరబెట్టి చల్లాలి. స్టైలో పప్పుజాతి మొక్క కనుక గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. చల్లాక ఆ ఏడాది గొర్రె అడుగు పడకూడదు. నేలను నాగలితో తిరగదున్నడం మాత్రం వద్దు, మిగిలిన వేళ్ళు కూడా పోతాయి.

వీలైతే తమిళనాడులోని కాంగేయం ప్రాంతానికి ఒకసారి వెళ్ళి రండి. తిరుప్పూర్, కరూర్, ఈరోడ్ జిల్లాల్లో కొరంగాడు అని పిలిచే సొంత మేత భూములు తరాలుగా నడుస్తున్నాయి. అక్కడా వాన మనకు దగ్గరగానే ఉంటుంది. కిలువై అనే ముళ్ళ మొక్కతో జీవకంచె, లోపల అంజన్ జాతి గడ్డి, పైన అక్కడక్కడ తెల్లతుమ్మ. ఎండాకాలంలో తెల్లతుమ్మ కాయలు రాలి గొర్రెలకు, కాంగేయం పశువులకు బలమైన మేత అవుతాయి. మెట్ట భూమిలో గడ్డినే పంటగా నమ్ముకుని బతికిన రైతుల అనుభవం అది. దాన్ని చూస్తే మన వేరుశనగ బీళ్ళకు ఒక దారి కనబడుతుంది.

మీ బీడులోనూ ఎకరాకు పదీ పదిహేను చెట్లు చాలు. నారేపి, తెల్లతుమ్మ, వేప, రేగు ఇప్పటికే మొలకలుగా ఉండే అవకాశం ఎక్కువ. మూసివేసిన చెక్కలో వాటిని గుర్తించి కంప కడితే కొత్తగా నాటే పని ఉండదు. దట్టంగా చెట్లు పెంచితే గడ్డి పోతుంది, ఇది మేత భూమి అన్న సంగతి మరవకూడదు.

నిప్పు విషయంలో మాత్రం రాజీ పడకూడదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎండుగడ్డి కాలిస్తే లేత చిగురు వస్తుందని గుట్టలకు నిప్పు పెట్టే అలవాటు మన వైపు ఉంది. ఆ చిగురు పది రోజుల మేత. దానికోసం నేల కప్పంతా బూడిదై, గాలికి కొట్టుకుపోయి, తొలి వానకు బోడినేల ఎదురవుతుంది. జనవరిలోనే బీడు చుట్టూ నాలుగైదు మీటర్ల వెడల్పున గడ్డి కోసి వామి వేసుకుంటే, అదే అగ్గి దాటని గీత అవుతుంది.

ఊరి గుట్ట బాగుపడకుండా మీ బీడు ఒక్కటే నిలవదు. ఎందుకంటే విరామం ఇచ్చిన రోజుల్లో మీ మంద వెళ్ళేది అక్కడికే. ఈ విషయంలో మీకు దగ్గర్లోనే ఒక ఉదాహరణ ఉంది. 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో చెన్నేకొత్తపల్లి, రొద్దం మండలాల పరిసరాల గ్రామాలు కల్పవల్లి అనే పేరుతో వేల ఎకరాల బోడి కొండలను కాపాడుకున్నాయి. అక్కడ ప్రధానంగా చేసింది నిప్పును ఆపడం, కావలి పెట్టడం, మేతకూ గడ్డి కోతకూ ఊళ్ళు కలిసి కట్టుబాట్లు చేసుకోవడం. కప్పులకు వాడే బోద గడ్డి తిరిగి వచ్చింది, వంకల వెంట ఈత చెట్లు పెరిగి గీతకార్మికులకు ఉపాధి దొరికింది. తర్వాత అక్కడి కొండలపై గాలిమరల కోసం రోడ్లు తవ్వడంతో వాలు మట్టి కోతకు గురికావడం కూడా అందరూ చూశారు. మీ గుట్ట రికార్డుల్లో మేత పోరంబోకుగా ఉందేమో రెవెన్యూ కార్యాలయంలో ముందు తెలుసుకోండి. ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి గ్రామాలకు తిరిగి అప్పగించే ఏర్పాట్లు చేయాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది కనుక, గ్రామసభలో మాట్లాడడానికి మీకు బలమైన ఆధారం ఉంది. గుట్టలో నాలుగో వంతును ఒక వానాకాలం ఆపుదామని మొదలుపెట్టండి. మేకలవారిని, పశువులవారిని, కట్టెలు తెచ్చుకునే ఆడవారిని పిలవకుండా గొర్రెలవారే చేసుకున్న కట్టుబాటు ఒక్క నెల కూడా నిలవదు.

చివరిగా కరువు ఏడాది. మేత అయిపోయాక ఆలోచిస్తే అప్పటికే ధర పడిపోతుంది, గొర్రె బక్కచిక్కుతుంది, బీడు గోకినట్టవుతుంది. కాబట్టి నిర్ణయాలకు ముందే గడువులు పెట్టుకోండి. మఖ కార్తె వచ్చేసరికి, అంటే ఆగస్టు మూడో వారానికి, బీడులో గడ్డి బెత్తెడు కూడా ఎదగకపోతే పొట్టేళ్ళను అమ్మేయండి. హస్త కార్తె దాటినా సరైన వాన లేకపోతే ముసలి గొర్రెలను, రెండు ఈతలుగా పిల్ల నిలవని వాటిని తీసేయండి. రెండు, నాలుగు పళ్ళ తల్లి గొర్రెలను మాత్రం చివరిదాకా నిలుపుకోండి, మంద తిరిగి లేచేది వాటితోనే. అక్టోబరు చివర చట్రం వేసి తూకం చూస్తారు కదా, ఆ లెక్కలో నేల వాటా సగాన్ని కరువు ఏడాది కూడా ముట్టవద్దు. అది ముడితే తర్వాతి ఏడాది మంచి వాన పడినా మీకు కరువే. మేత కొనడమో, ఆయకట్టు వైపు వలస వెళ్ళడమో, మందను తగ్గించడమో ఏదో ఒకటి చేయండి. ఆకలితో ఉన్న మందను వానలేక గిడసబారిన జొన్న చేలోకి గానీ, కోసిన జొన్న మోళ్ళ చిగురు మీదికి గానీ తోలవద్దు. అలాంటి జొన్నలో ఉండే నాము అనే విషానికి గంటలో గొర్రెలు పడిపోతాయి. పొరపాటున తింటే వెంటనే పశువైద్యుణ్ణి పిలిస్తే సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్‌తో కొన్ని దక్కుతాయి. సర్కారు తుమ్మ కాయలు మంచి మేతే గానీ, పిండి పట్టించి, మిగతా దాణాలో కొద్దిగా కలిపి పెట్టండి. కాయలుగా తింటే గింజ జీర్ణం కాకుండా పెంటికల్లో వచ్చి బీడును ఆక్రమిస్తుంది.

కరువు విడిచిన ఏడాదిని కూడా ఇందులో భాగంగానే చూడాలి. మంచి వాన పడగానే, అమ్మిన గొర్రెలకు బదులు అప్పుచేసి కొత్తవి తెచ్చి బీడులోకి తోలడం సాధారణంగా జరిగేది. కరువులో బతికిన గడ్డి దుబ్బులు అప్పటికి చాలా బలహీనంగా ఉంటాయి, చచ్చిన దుబ్బుల చోట మొలకలు ఇంకా వేరు పట్టవు. ఆ వానాకాలంలో నాలుగింట మూడు చెక్కలు మూసే ఉంచి, మిగిలిన మందతోనే గడిపి, మే నెలాఖరున బీడు ఒక మూల నుంచి మరో మూలకు వంద అడుగులు నడవండి. ప్రతి అడుగుకూ చెప్పు కొస కింద ఉన్నది గడ్డా, ఎండాకా, రాయా, బోడి మట్టా అని లెక్కించండి. వందలో బోడి మట్టి ముప్పైకి లోపు ఉంటే మందను పెంచుకోవచ్చు, ఎక్కువ ఉంటే ఇంకో ఏడాది ఆగండి. పెంచేటప్పుడు కూడా సంతలో కొనకుండా మీ తల్లి గొర్రెల ఆడపిల్లలను అమ్మకుండా ఉంచుకుని పెంచండి. గడ్డి పుంజుకునే వేగానికి మంద పెరిగే వేగం అప్పుడే సరిపోతుంది.